మిద్దె మీద, పెరట్లో పండ్ల చెట్లకు పురుగులు: ఏది ఏదో గుర్తుపట్టడం ఎలా, దేనికి ఏం చేయాలి?

మిద్దెతోట_తిరుపతి
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఇంటి పెరట్లో జామ, బేనీషా మామిడి నేలలో ఉన్నాయి. మిద్దె మీద పెద్ద తొట్లలో దానిమ్మ, నిమ్మ, అంజూర. నీడకూ అందానికీ పెట్టినవే, కానీ కాయలు ఇంట్లో పిల్లలు తింటారు. అందుకే గట్టి మందుల జోలికి వెళ్లకుండా దారి చెప్పాలి.

వానలు తగ్గినప్పటి నుంచి కనిపిస్తున్నవి: జామ ఆకుల అడుగున తెల్లటి పొడి, కింది ఆకుల మీద నల్లటి మసి, మాను మీద చీమల బారు. పండిన జామకాయ కోస్తే లోపల తెల్ల పురుగులు. దానిమ్మ కాయకు రంధ్రం, దాని చుట్టూ తడి పెంట, కంపు. నిమ్మ లేతాకుల మీద వెండి గీతలు, ఆకు ముడత. మామిడికి పూమొగ్గ ఇప్పుడిప్పుడే కదులుతోంది, దానికింకా ఏమీ లేదు. అన్నిటికీ కలిపి వేపనూనె కొడితే సరిపోతుందా?

ఆకుఅడుగున
సరిపోదండీ. మీరు చెప్పిన వాటిలో కనీసం నాలుగు వేరువేరు పురుగులున్నాయి. రెండు కాయ లోపలే ఉంటాయి, వాటిని వేపనూనె తాకను కూడా తాకదు.

జామతో మొదలుపెడదాం. మసి అసలు జబ్బు కాదు. పైన రసం పీల్చే పురుగు విసర్జించే తీపి జిగురు కింది ఆకుల మీద పడుతుంది, దాని మీద నల్ల బూజు పెరుగుతుంది. చీమలు వచ్చేదీ ఆ తీపి కోసమే. కాబట్టి మసి పట్టిన ఆకును కాదు, దానికి సరిగ్గా పైన ఉన్న ఆకుల అడుగు చూడండి. తెల్లటి పొడి చుట్టలు చుట్టలుగా, వేలితో ముగ్గు గీసినట్టు ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ. ఆకు తొడిమ దగ్గర, కొమ్మల సందుల్లో, కాయ ముచ్చిక కింద దూదిలా గుంపుగా ఉంటే పిండినల్లి. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. పక్కింట్లో టెంకాయ చెట్టు ఉందా? దాని ఆకుల మీద కూడా మసి ఉందా?

మిద్దెతోట_తిరుపతి
ఉందండీ, రెండు టెంకాయ చెట్లు, కింది మట్టలు నల్లగానే ఉన్నాయి. జామ ఆకుల అడుగున చుట్టలు కనిపించాయి. కొమ్మ సందుల్లో దూది గుంపులూ ఉన్నాయి. ఆ గుంపుల్లో ఒకటి మిగతా వాటికంటే మూడింతలు పెద్దది, ఒళ్లంతా పొడవాటి తెల్ల కుచ్చులు, పుల్లతో కదిపితే గబగబా నడుస్తోంది. తల్లి పురుగా?

కాణిపాకం_తోట
ఆగండి, దాన్ని చంపొద్దు! అది పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్ల. పేరు క్రిప్టోలీమస్. పిండినల్లి పెద్దదైనా మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటదు, కదిపితే నిదానంగా జరుగుతుంది. ఈ పిల్ల సెంటీమీటరు పైన పెరుగుతుంది, చురుగ్గా నడుస్తుంది. పెద్దదయ్యాక కుచ్చులు పోయి నల్ల రెక్కలు, నారింజ రంగు తల ఉన్న చిన్న గుండ్రటి పురుగవుతుంది. ఆస్ట్రేలియా నుంచి 1898లోనే మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు దక్షిణాదిలో స్థిరపడిపోయింది.

అది ఉన్న కొమ్మ మీద ఏ మందూ కొట్టకండి, వేపనూనె కూడా. చీమలను మాత్రం ఆపండి. చీమలు తీపి కోసం పిండినల్లిని కాపలా కాస్తాయి, ఈ పురుగును తరిమేస్తాయి. చీమలు ఆగితే సగం పని అయినట్టే.

మిద్దెతోట_తిరుపతి
చీమలను ఆపడానికి మాను చుట్టూ గ్రీజు పూయొచ్చా?

కాణిపాకం_తోట
బెరడు మీద నేరుగా పూయొద్దండీ. ఎండకు గ్రీజు కరిగి బెరడులోకి దిగి, లేత మాను అయితే అక్కడ కుళ్లుతుంది. నేల నుంచి రెండడుగుల ఎత్తున నాలుగు వేళ్ల వెడల్పు గోనె గుడ్డ చుట్టండి, బెరడు పగుళ్లలో చీమ దూరే సందు లేకుండా. దాని మీద మందపాటి పాలిథీన్ పట్టీ బిగించి, ఆ పట్టీ మీద గ్రీజు గానీ ఆముదం కలిపిన గుగ్గిలం గానీ పూయండి. వారానికోసారి చూడాలి. దుమ్ము పేరుకుంటే చీమలు దాని మీదుగా దాటేస్తాయి. గోడకు గానీ తీగకు గానీ ఒక్క కొమ్మ తగిలినా పట్టీ వృథా, చీమలు ఆ దారిన వస్తాయి. తగిలే కొమ్మలు ముందే కత్తిరించండి.

బోరునీళ్లు
తెల్లదోమకు, మిత్రపురుగులు లేని కొమ్మల మీది పిండినల్లికి సబ్బు నీళ్లు చాలు. కానీ అందరూ తప్పేది నీళ్ల దగ్గరే. తిరుపతిలో చాలా బోర్ల నీళ్లలో సున్నం ఎక్కువ. సబ్బు కలపగానే విరిగి తెట్టు కడుతుంది, పురుగు మీద పనిచేసేది ఏమీ మిగలదు. ఒక సీసాలో నీళ్లు పోసి కొంచెం సబ్బు వేసి గట్టిగా కుదపండి. నురగ నిలిస్తే సరే. తెల్లటి తునకలు తేలితే ఆ నీళ్లు వద్దు, వాన నీళ్లు గానీ ఏసీ నుంచి కారే నీళ్లు గానీ వాడండి. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు ఇంకా గట్టివి, అవి పనికిరావు.

కొలత: లీటరుకు 5 గ్రాముల ఖాదీ బట్టల సబ్బు తురుము, గోరువెచ్చని నీళ్లలో కరిగించాలి. బట్టలుతికే పౌడరు వద్దు, దానిలోని సోడా ఆకు అంచులను మాడుస్తుంది. సబ్బు నీళ్లు తడిసిన పురుగునే చంపుతాయి, ఆరిపోయాక వాటికి బలం లేదు. అందుకే ఆకు అడుగు పూర్తిగా తడవాలి. దూది సంచుల్లోని గుడ్లకు ఏమీ కాదు, అవి పొదిగాక మళ్లీ కొట్టాలి. వారం ఎడంతో మూడు సార్లు.

ఆకుఅడుగున
దీనికి ముందు చేయాల్సింది ఒకటుంది. కొళాయి పైపుతో ఆకు అడుగున ఒత్తిడిగా నీళ్లు కొట్టండి, ఉదయం పూట. తెల్లదోమ పిల్లలు, పిండినల్లి చాలావరకు రాలిపోతాయి, మైనం పొర చెదిరి సబ్బు లోపలికి చేరుతుంది.

ఆకుల అడుగున తెల్లదోమ పిల్లల్లో కొన్ని నల్లగా మారి ఉంటే వాటిని ఎన్‌కార్సియా అనే బదనిక (దోమ పిల్లలో గుడ్లు పెట్టి లోపలి నుంచి తినేసే చిన్న కందిరీగ) పట్టిందని అర్థం. ఆ ఆకులను తెంపి పారేయొద్దు. టెంకాయకు పట్టే మరో సర్పిలాకార తెల్లదోమ 2016లో పొల్లాచ్చి వైపు బయటపడి దక్షిణాది అంతా వ్యాపించింది, జామకూ వస్తుంది. దాన్ని అదుపులో పెడుతున్నవాటిలో ఈ బదనికదే పెద్ద పాత్ర. టెంకాయ చెట్టు మీద ఎవరో ఒకరు రసాయన మందు కొట్టించిన వీధుల్లో దోమ తగ్గకపోగా తిరగబడటానికి కారణం, ముందు చచ్చేది బదనికే కావడం.

గుడిమల్లం_జామ
మసి పోవడానికి మా వైపు గంజి కొడతారు. పనిచేస్తుందా, ఊరికే చెప్పేదా?

బోరునీళ్లు
పనిచేస్తుందండీ. 1 కిలో మైదా 5 లీటర్ల నీళ్లలో ఉడికించి, చల్లారాక 20 లీటర్లకు పలచన చేసి, పల్చటి గుడ్డలో వడగట్టి కొట్టాలి. ఇంట్లో ఒక చెట్టుకైతే 250 గ్రాములకు 5 లీటర్లు. ఎండకు ఆరి పొరలుగా రాలేటప్పుడు మసిని కూడా పట్టుకుని రాలుతుంది. మబ్బు రోజున కొడితే ఆరక, ఆ గంజి మీదే ఇంకో బూజు పడుతుంది. పురుగును తగ్గించకుండా మసి ఒక్కటే కడిగితే మళ్లీ వస్తుంది.

మిద్దెతోట_తిరుపతి
మరి జామకాయ లోపలి పురుగులు? దానిమ్మ రంధ్రం పురుగూ అదేనా?

చిత్తూరు_మామిడి
రెండూ వేరండీ, చూస్తే తేలిగ్గా తెలుస్తుంది.

జామలోది పండుఈగ. కాళ్లు, తల కనిపించని తెల్లటి సన్న పురుగులు, బయట పెడితే ఎగిరి గెంతుతాయి. కాయ పైన సూది గుచ్చినంత మచ్చ, దాని చుట్టూ మెత్తదనం తప్ప పెద్ద రంధ్రం ఉండదు. ఈగ కాయ రంగు తిరిగేటప్పుడు తొక్కలో గుడ్లు పెడుతుంది.

దానిమ్మది కాయతొలిచే పురుగు. నీలం, గోధుమ రంగుల చిన్న సీతాకోకచిలుక పూమొగ్గ మీద, కాయ కిరీటం దగ్గర ఒక్కొక్క గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలికి తొలుచుకుపోయి గింజలు తింటుంది. పొట్టిగా, లావుగా, ముదురు గోధుమ రంగులో, తెల్ల మచ్చలతో ఉంటుంది. గుండ్రటి రంధ్రం, బయట పెంట, ఆ వెంటే కుళ్లు, కంపు. రంధ్రం పడ్డ కాయకు మందు లేదు. పురుగు ఒక కాయలోంచి ఇంకో కాయలోకి పోతుంది కాబట్టి వెంటనే తెంపాలి, చెట్టున వదలొద్దు.

కాణిపాకం_తోట
దానిమ్మకు సంచి కట్టడమే అసలు మందు. పిందె గోలీకాయంత ఉన్నప్పుడే, పూత రాలి కిరీటం ఆరాక కట్టాలి. నిమ్మకాయంత అయ్యాక కడితే గుడ్డు అప్పటికే లోపల ఉండొచ్చు, సంచిలో పురుగును పెంచినట్టవుతుంది. కట్టే ముందు కిరీటంలో ఎండిన కేసరాలు బ్రష్‌తో దులిపి, లోపల గుడ్డు గానీ పిండినల్లి గానీ ఉందేమో చూడండి. పల్చటి నేయని గుడ్డ సంచులు విత్తనాల షాపుల్లో దొరుకుతాయి, లేదంటే పాత కాటన్ చీర గుడ్డ. పాలిథీన్ కవరు కడితే మన ఎండకు కాయ ఉడికిపోతుంది, చెమ్మ పట్టి కుళ్లుతుంది.

తొట్టి దానిమ్మ ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది, పురుగుకు ఎప్పుడూ మేత దొరికేది అందుకే. ఒక విడత పూత ఉంచుకుని మిగతా పూలు గిల్లేస్తే సంచులు కట్టడమూ తేలిక, పురుగు వరసా తెగుతుంది.

చిత్తూరు_మామిడి
జామ పండుఈగకు మిథైల్ యూజినాల్ (మగ ఈగలను లాగే వాసన ద్రవం) ఎర పెట్టండి. తయారుగా దొరికే ఎరబుట్ట చాలు. చేసుకునేవాళ్లు ఆల్కహాల్, మిథైల్ యూజినాల్, మలాథియాన్ 6:4:1 పాళ్లలో కలిపి, ప్లైవుడ్ ముక్కను ఒక రోజంతా నానబెట్టి, పక్కలకు రంధ్రాలున్న సీసాలో వేలాడదీస్తారు. చెట్టు కొమ్మకు మనిషి ఛాతీ ఎత్తున, నీడలో. నెలన్నర, రెండు నెలలకు ముక్క మార్చాలి.

గుడిమల్లం_జామ
ఇంటికి ఒక్క ఎరబుట్ట పెడితే వీధిలోని ఈగలన్నీ మన చెట్టుకే వస్తాయని కొందరు అంటారు. అది ఎంతవరకు నిజం?

ఆకుఅడుగున
కొంత నిజం ఉంది, కానీ భయపడేంత కాదు. ఆ వాసనకు మగ ఈగలే వస్తాయి, కాయలో గుడ్లు పెట్టేవి ఆడవి. మగవి బాగా తగ్గితే ఆడవి జతకట్టక సంతతి పడిపోతుంది. ఒకే ఇంట్లో ఒకే బుట్ట పెట్టినప్పుడు పక్కవీధి నుంచి జతకట్టిన ఆడ ఈగలు వస్తూనే ఉంటాయి. అందుకే "బుట్ట నిండా ఈగలు పడ్డాయి, కాయలో పురుగు మాత్రం తగ్గలేదు" అన్న మాట వింటాం. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి పెడితే ఫలితం తెలుస్తుంది. ఒక్కరే అయితే బుట్ట ఈగ ఉనికి తెలుసుకోవడానికి, కాయను కాపాడటానికి సంచి.

అన్నిటికంటే ముఖ్యం రాలిన కాయ. పురుగు కాయ నుంచి నేలలోకి దిగి నాలుగైదు సెంటీమీటర్ల లోతులో కోశస్థ దశకు వెళ్తుంది, అక్కడి నుంచే కొత్త ఈగ. రాలిన కాయలు ఏ రోజుకారోజు ఏరి, మందమైన కవర్లో మూతి బిగించి వారం ఎండలో పెట్టండి. లేదంటే రెండడుగుల లోతున పూడ్చండి. కంపోస్టు బుట్టలో పైపైన వేస్తే ఈగలను పెంచినట్టే. చెట్టు కింద మట్టి అప్పుడప్పుడు తిరగేస్తే కోశాలు ఎండకు, పక్షులకు దొరుకుతాయి. కాయలు చెట్టున పూర్తిగా మాగనివ్వకుండా, రంగు తిరగగానే కోసి ఇంట్లో మాగబెట్టండి.

నిమ్మచెట్టు_రేణిగుంట
నిమ్మ సంగతి. వెండి గీతలు పాములా మెలికలు తిరిగి ఉంటే ఆకుముడత పురుగు. ఆకు పొరల మధ్యన ఉండి తింటుంది కాబట్టి ముడుచుకున్న ఆకు మీద ఏది కొట్టినా దండగ. అది లేతాకులనే పడుతుంది, ఆకు ముదిరితే దాని జోలికి రాదు. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు వానలకు చిగురు ఒక్కసారిగా వస్తుంది, పురుగూ అప్పుడే. చిగురు అంగుళం ఉన్నప్పుడు వేపగింజల కషాయం, వారం తర్వాత మళ్లీ ఒకసారి. తడవకోసారి యూరియా వేసి చిగురు తెప్పించొద్దు.

ముదురు చెట్టుకు ఈ గీతలు పెద్ద నష్టం కాదు. మన కాగ్జీ నిమ్మకు అసలు ముప్పు ఏమిటంటే, ఆ సొరంగాల గాయాల్లోంచి గజ్జి తెగులు దూరుతుంది. ఆకుల మీద, కాయల మీద పసుపు వలయంతో గరుకు మచ్చలు వస్తే ఆ రెమ్మలు పొడి రోజున కత్తిరించి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కొట్టండి.

మిద్దెతోట_తిరుపతి
నిమ్మ పక్కనే కరివేపాకు తొట్టి ఉంది. దాని చిగుళ్ల మీద సన్న బూడిద రంగు పురుగులు తోక పైకెత్తి కూర్చుంటున్నాయి.

నిమ్మచెట్టు_రేణిగుంట
అది సిల్లా. తల కిందికి, వెనక భాగం పైకి ఏటవాలుగా కూర్చోవడమే దాని గుర్తు. పిల్లలు తెల్లటి మైనపు దారాలు వదులుతాయి. కరివేపాకు మీద పెరిగి నిమ్మ చిగురుకు దాటుతుంది. నిమ్మ జాతికి గ్రీనింగ్ తెగులును (ఆకులు పసుపెక్కి చెట్టు క్షీణించే జబ్బును) మోసేది ఇదే, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కరివేపాకు చిగుళ్లు పురుగుతో సహా కత్తిరించి సబ్బు నీళ్లలో ముంచేయండి, తొట్టిని నిమ్మకు దూరంగా జరపండి.

నిమ్మ ఆకు పసుపెక్కితే గ్రీనింగా, జింకు లోపమా అని చూసుకోవాలి. జింకు లోపమైతే ఈనెల మధ్య పసుపు నడిమి ఈనెకు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. గ్రీనింగ్‌లో మచ్చలు అటొక తీరు, ఇటొక తీరు. అనుమానం తీరకపోతే రెమ్మను తడి గుడ్డలో చుట్టి తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన స్థానంలో చూపించండి.

ఇక నిమ్మ ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది సీతాకోకచిలుక గొంగళి. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. చిన్న మొక్కను రెండు రోజుల్లో మోడు చేస్తుంది. చేత్తో ఏరితే చాలు. ఎక్కువుంటే బీటీ పొడి (బాక్టీరియాతో చేసిన పురుగు మందు) లీటరుకు 1 గ్రాము, సాయంత్రం. బీటీ గొంగళ్లకే పనిచేస్తుంది, పిండినల్లికీ దోమకూ కొట్టి లాభం లేదు.

మిద్దెతోట_తిరుపతి
వేపగింజల కషాయం, వేపనూనె కొలతలు కూడా చెప్పండి.

బోరునీళ్లు
కషాయానికి లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు పొడి. గుడ్డలో మూట కట్టి రాత్రంతా నానబెట్టి, ఉదయం బాగా పిసికి పిండి, వడగట్టి, 1 గ్రాము సబ్బు కలిపి ఆ రోజు సాయంత్రమే కొట్టాలి. నిలవ ఉంటే బలం పోతుంది. బూజు పట్టిన, ఏడాది దాటిన గింజలు వద్దు.

వేపనూనె లీటరుకు 5 మి.లీ. నూనెలో ముందు సబ్బు ద్రావణం పోసి పాలలా తెల్లబడేదాకా గిలకొట్టి, తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా. నీళ్లలో నేరుగా నూనె పోస్తే పైకి తేలుతుంది. పంపు గొట్టం అడుగు నుంచి పీలుస్తుంది కాబట్టి మొదటి చెట్టుకు వట్టి నీళ్లు, చివరి చెట్టుకు చిక్కటి నూనె పడతాయి. ఆకులు మాడేది ఎక్కువగా ఇందుకే. మధ్యమధ్యలో డబ్బా కుదపండి. ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో పగలు కొట్టొద్దు. ముందు రెండు రెమ్మల మీద కొట్టి, ఒక రోజు ఆగి చూడండి. అంజూర లేతాకులు ముఖ్యంగా.

చిత్తూరు_మామిడి
మామిడికి ఇంకా ఏమీ లేదన్నారు, కానీ చూడాల్సిన సమయం ఇదే. పూగుత్తి బయటికొచ్చేటప్పుడు తేనెమంచు పురుగు బెరడు పగుళ్లలోంచి దిగుతుంది. ముక్కోణంగా, బూడిద రంగులో చిన్నది. గుత్తిని కదిపితే చిటపటమని ఎగురుతుంది. గుత్తికి ఐదారు కనిపిస్తే, పూలు విచ్చుకోకముందే వేప మందు కొట్టండి: అజాడిరక్టిన్ 3000 పీపీఎం అయితే లీటరుకు 3 మి.లీ. అప్పటికీ ఆగకపోతే రసాయన మందు ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం లీటరుకు 0.3 మి.లీ., అదీ మొగ్గ దశలో ఒక్కసారే. మూతతో ఉజ్జాయింపుగా పోయకండి, మందుల షాపులో దొరికే 1 మి.లీ. సిరంజితో కొలవండి. పూలు విచ్చాక వద్దే వద్దు. తేనెటీగలు, ఈగలు చస్తే పిందే ఉండదు. మాస్కు, చేతి తొడుగులు, గాలికి ఎదురుగా నిలబడకపోవడం తప్పనిసరి.

ఇది ఏటా రావడానికి కారణం కొమ్మలు గుబురుగా ఉండటం. కాయలు కోశాక, జూన్, జులైలో లోపలి కొమ్మలు తీసి నడిమికి వెలుతురు పడేలా చేస్తే వచ్చే ఏడు పురుగు బాగా తగ్గుతుంది.

గుడిమల్లం_జామ
అంజూరను ఎవరూ పట్టించుకోలేదు. దాని మాను అడుగున రంపపు పొట్టు లాంటిది రాలుతుంటే వెంటనే చూడాలి కదా?

కాణిపాకం_తోట
అవును, మంచి మాట. అది కాండంతొలిచే పురుగు, పొడవాటి మీసాల పెంకుపురుగు పిల్ల. మామిడికీ అంజూరకూ వస్తుంది. తొట్టి మొక్కకు ఒక్కటి చాలు చంపడానికి. పొట్టు వచ్చే రంధ్రం వెతికి, సైకిల్ చువ్వ గానీ సన్న ఇనుప తీగ గానీ తడి తగిలేదాకా పోనిచ్చి పురుగును గుచ్చాలి. తర్వాత పెట్రోలులో ముంచిన దూది లోపలికి తోసి, బంకమట్టితో మూయాలి. రెండు రోజులకు మళ్లీ పొట్టు వస్తే ఇంకో రంధ్రం ఉన్నట్టు. పాత కరపత్రాల్లో దీనికి డైక్లోరోవాస్ అని ఉంటుంది. దాన్ని 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు, ఎవరైనా ఇచ్చినా తీసుకోకండి.

జామ, దానిమ్మ కొమ్మల పంగల దగ్గర బెరడు పొడి, పట్టుదారం కలిసి గూడులా వేలాడుతుంటే అది బెరడు తినే పురుగు. రాత్రి పూట బయటికొచ్చి తింటుంది. గూడు దులిపి, కింద కనిపించే రంధ్రానికి ఇదే వైద్యం.

మిద్దెతోట_తిరుపతి
చాలా ఉపకారం చేశారు. దానిమ్మలో ఇంకొక రకం కాయ చూశాను. రంధ్రం గుండుసూది మొనంత, చుట్టూ మెత్తబడి గోధుమ రంగు వలయం, కోస్తే లోపల పురుగు లేదు. రెండు రోజుల్లో కాయ రాలింది.

ఆకుఅడుగున
అది రసంపీల్చే రెక్కలపురుగు పని. రాత్రి వచ్చి గట్టి తొండంతో కాయను గుచ్చి రసం తాగి వెళ్లిపోతుంది, అందుకే పగలు ఏమీ కనిపించదు. పొద్దుగూకిన గంట తర్వాత టార్చి వేసి చూడండి, పెద్ద పురుగు, వెనక రెక్కలు పసుపు, వాటి మీద నల్ల మచ్చ. బత్తాయికీ ఇదే పెద్ద బెడద. దీని గొంగళి మాత్రం పండ్ల చెట్ల మీద బతకదు, తిప్పతీగ, దూసరతీగ ఆకులు తింటుంది. మీ ప్రహరీ మీద తిప్పతీగ ఉందా?

మిద్దెతోట_తిరుపతి
ఉందండీ, కషాయానికని పెంచుతున్నాం.

ఆకుఅడుగున
పీకేయనక్కర్లేదు. వారానికి రెండుసార్లు ఆకులు చూసి, నడిచేటప్పుడు నడుము పైకి వంచి, పక్కన కంటి లాంటి మచ్చలున్న గొంగళి కనిపిస్తే తీసేయండి. కానీ శేషాచలం కొండ వారన ఈ తీగలు అడవిలో కావలసినన్ని ఉన్నాయి, పెద్ద పురుగు ఎంతో దూరం ఎగిరి వస్తుంది. కాబట్టి కాయకు సంచే దిక్కు. సంచి కాయకు అతుక్కుని ఉంటే తొండం గుడ్డలోంచి కూడా దిగుతుంది. చుట్టూ రెండు వేళ్ల ఖాళీ ఉండేంత పెద్ద సంచి తీసుకుని, మూతి కాయ ముచ్చికకు కాకుండా దాని పై కొమ్మకు కట్టండి.